స్టాఫ్ నర్సు పోస్టుకు ఆంజనేయులి ఇంటర్వ్యూ

మే 12, నర్సుల దినోత్సవం వచ్చింది, వెళ్లింది. కొవ్వొత్తులు వెలిగించారు, నైటింగేల్ ఫొటోకు దండేశారు, శాలువాలు కప్పారు. మైకు దొరికిన ప్రతి పెద్దమనిషీ ఈ ఏడు నర్సింగ్ పాసైన పిల్లలకు ఒకటే బోధ చేశాడు. జీతం చూసుకోవద్దట. టైం చూసుకోవద్దట. అడవైనా, వాగైనా వెనకాడొద్దట. అలసట మొహంలో కనపడొద్దట. ఎవరెవరు ఏమన్నారో మీరూ పేపర్లో చదివారు కాబట్టి పేర్లు నేనెందుకు రాయడం?

ఇన్ని లక్షణాలూ ఒక్క మనిషిలో ఉంటాయా అని వెతికితే మనిషి దొరకలేదు గానీ, మా భద్రాచలంలో రాములవారి పాదాల దగ్గర ఒకాయన దొరికాడు. పైసా అడగడు, పగలూ రాత్రీ నిలబడే ఉంటాడు. వెంటనే దరఖాస్తు పెట్టించాం.

ఇంటర్వ్యూ బోర్డులో ఇద్దరు. ఒకాయన ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి హెచ్‌ఆర్ మేనేజరు. రెండో ఆయన ఏజెన్సీ ఆసుపత్రులకు మనుషుల్ని సప్లై చేసే ఔట్‌సోర్సింగ్ కాంట్రాక్టరు.

'ఏం బాబూ, సొంతూరు?'

'కిష్కింధ, అయ్యా.'

'నాన్ లోకల్. తండ్రి పేరు దగ్గర ఇద్దర్ని రాశావేంటి, వాయువు, కేసరి అని? సరే, ఆధార్‌లో ఒకటి తీయించెయ్. ఫ్రెషరేనా?'

'ఫ్రెషర్నే. కాకపోతే లంకలో యుద్ధం కేసులు చూశాను.'

'మాకు ఫ్రెషర్లే కావాలి. అనుభవం మాత్రం ఉండాలి. చెప్పు.'

ఆంజనేయులు చెప్పాడు. లక్ష్మణస్వామి సొమ్మసిల్లితే సుషేణుడు గారు మృతసంజీవని, విశల్యకరణి, సువర్ణకరణి, సంధానకరణి అని నాలుగు మందులు చెప్పి కూర్చున్నారు. తెల్లారేలోపు తేవాలి. చీకట్లో ఏది ఏ మూలికో పోల్చుకోలేక కొండ కొండే పెకలించుకొచ్చాడు.

మేనేజరు కళ్లు మెరిశాయి. కాంట్రాక్టరు మాత్రం అనుమానపడ్డాడు. 'ఇండెంట్ నాలుగు ఐటమ్స్‌కు. వచ్చింది కొండ. ఈ-ఔషధిలో ఎంట్రీ ఎవడు చేస్తాడు? పని అయ్యాక తిరిగి అప్పజెప్పావా?'

'అప్పజెప్పాను.'

'రశీదు?'

ఆంజనేయులు తల దించుకున్నాడు. రికవరీ ఉంటుందని ఫైల్లో రాసుకున్నారు.

తర్వాత రవాణా. నూరు యోజనాల సముద్రం దాటినవాడు టీఏ బిల్లు పెట్టలేదు, బోటు అడగలేదు. ఇంకేం కావాలి? తాలిపేరు వాగు పొంగినా, 2022 జులైలోలాగా భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినా సబ్‌సెంటర్‌కు గెంతుకుంటూ పోతాడు. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు నిజమే, కానీ ఆ హెచ్చరిక జనానికి, నర్సుకు కాదు.

భాష దగ్గర బోర్డు ముచ్చటపడింది. భద్రాచలం ఆసుపత్రికి చర్ల, దుమ్ముగూడెం కోయలే కాదు, అటు చింతూరు నుంచి, సుక్మా నుంచి, మల్కన్‌గిరి నుంచి కూడా వస్తారు. అశోకవనంలో సీతమ్మను చూసినప్పుడు, ఏ భాషలో పలకరిస్తే ఈ తల్లి భయపడకుండా ఉంటుందని కొమ్మ మీద కూర్చుని ఆలోచించినవాడు ఆంజనేయులు. సంస్కృతం మాట్లాడితే రావణుడే వచ్చాడనుకుంటుందని మామూలు మనుషుల మాటలో మొదలుపెట్టాడు. (ఇంత ఆలోచన మన నర్సింగ్ సిలబస్ రాసినవాళ్లకు రాలేదు. అందులో కోయ మాట ఒక్కటీ లేదు.)

'పెళ్లయిందా?'

'బ్రహ్మచారిని.'

'మరి ఇల్లెందులో సువర్చలతో కలిపి నీకు గుడి ఉందటగా? దాస్తున్నావా?'

'అది చదువు కోసం జరిగిన పెళ్లయ్యా. సూర్యుడి దగ్గర విద్య పూర్తికావాలంటే గృహస్థు కావాలన్నారు...'

'అదంతా మాకెందుకు? ప్రసూతి సెలవు అడగవుగా?'

అడగనన్నాడు. అష్టసిద్ధులూ ఉన్నాయి కనుక అణిమతో రెండు వార్డుల్లో దూరతాడు, మహిమతో ఆక్సిజన్ సిలిండర్ మోస్తాడు, వీలున్నప్పుడు డేటా ఎంట్రీ చేస్తాడు, ఊడ్చే మనిషి రానినాడు ఊడుస్తాడు. తోకకు నిప్పు పెట్టినా పోలీస్ కంప్లయింట్ ఇవ్వలేదు గనుక రోగి బంధువులు కొట్టినా ఓర్చుకుంటాడు.

జీతం? 'రామకార్యం' అన్నాడు. మేనేజరు లేచి కౌగిలించుకున్నాడు. ఎందుకు కౌగిలించుకోడు? సుప్రీంకోర్టు 2016లో చెబితే కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రి అయినా నర్సుకు నెలకు 20 వేలకు తగ్గొద్దంది. రెండొందల పడకలు దాటితే సర్కారు జీతంతో సమానంగా ఇవ్వాలంది. ఆ కాగితం పట్టుకొచ్చే పిల్లలంటే వీళ్లకు దడ. ఆంజనేయులు కాగితాలు చదవడు. ఒరిజినల్ సర్టిఫికెట్ల కింద గద తీసుకుని బీరువాలో పెట్టి తాళమేశారు. రెండేళ్ల బాండు.

మొదటి రోజే నైట్ డ్యూటీ. తెల్లారేసరికి మనిషి లేడు. వాకబు చేస్తే హైదరాబాద్‌లో జర్మన్ క్లాసులో తేలాడు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీకి పంపే నర్సులకు ముందే భాష నేర్పిస్తుందని ఎవరో చెప్పారట.

నవ్వండి. నాకు మాత్రం నవ్వు రావడం లేదు. ఆ రాత్రి వార్డులో నిజంగా నిలబడింది ఇరవై రెండేళ్ల పిల్ల. వాళ్లమ్మ మిరప కోతలకు వెళ్లి ఫీజు కట్టింది. ఆ పిల్ల చేతికి ముప్పై పడకలు అప్పజెప్పి, పక్కన ఒక్క సీనియర్‌ను నిలబెట్టకుండా, ఏదైనా ఉంటే ఫోన్ చెయ్యమని వెళ్లిపోయారు. ఇన్ని పడకలకు ఇంతమంది నర్సులు అన్న లెక్క పుస్తకంలోనే ఉండిపోయింది. ఆమె చేతిలో సిరంజి వణికితే తప్పెవరిది? తేడా వస్తే డాక్టరుకు కాదు, యాజమాన్యానికి కాదు, మొదటి మెమో ఆమెకు. పోలీసులు వస్తే మొదటి ప్రశ్న ఆమెకు. అప్పుడు ఈ సేవ, త్యాగం అన్న మైకులన్నీ ఎక్కడుంటాయి?

జీతం మాటెత్తితే సేవాభావం లేదంటారు. గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టి గోల్కొండ జైల్లో పడితే, రాముడూ లక్ష్మణుడూ స్వయంగా నడిచొచ్చి తానీషాకు ఆరు లక్షల మొహరీలు లెక్కపెట్టి ఇచ్చారని చెప్పుకునే ఊరయ్యా ఇది! ఇక్కడ దేవుడే ఉద్యోగి బాకీ ఉంచుకోలేదు. మీరు నెలల తరబడి ఆ పిల్లల జీతాలు ఆపి, వాళ్లకే త్యాగం బోధిస్తారా? వచ్చే మే 12కు శాలువాలు వద్దు. ముందు ఆ బీరువా తాళం తీసి వాళ్ల సర్టిఫికెట్లు వాళ్లకివ్వండి.