బేసిక్ సంగతి మాత్రం అడక్కండి

మస్కట్ టెక్నాలజీ కంపెనీల్లో పనిచేసే మనవాళ్ల లింక్‌డిన్ చూస్తే కళ్లు చెదురుతాయి. మొన్నమొన్న సపోర్ట్ ఇంజనీరుగా దిగిన కుర్రాడు ఇవాళ 'హెడ్ ఆఫ్ క్లౌడ్ ట్రాన్స్‌ఫర్మేషన్'. కేకు కోస్తున్న ఫొటో, వెనకాల బ్యానరు, కింద బారెడు అభినందనలు. అదే మనిషి వీసా కాగితం తీసి చూడండి. వృత్తి అన్నచోట 'కంప్యూటర్ టెక్నీషియన్' అనే ఉంటుంది. వీసా ఇచ్చేది రాయల్ ఒమాన్ పోలీసు, విజిటింగ్ కార్డు ఇచ్చేది హెచ్‌ఆర్. ఎదుగుదల ఎక్కడ చవగ్గా అయిపోతుందో వేరే చెప్పాలా!

ప్రమోషన్ లెటరు ఎప్పుడైనా చదివారా? మొదటి పేరాలో మీ విశేష కృషి. రెండో పేరాలో కొత్త హోదా. మూడో పేరా నిండా కొత్త బాధ్యతలు, అవి పేజీ తిప్పినా అయిపోవు. అట్టడుగున ఒక బుల్లి వాక్యం: మిగతా షరతులన్నీ యథాతథం. బేసిక్ జీతం ఆ వాక్యంలోనే కాళ్లు ముడుచుకుని పడుకుని ఉంటుంది. జీతం పెంచలేదని అనడానికీ వీల్లేదు. నలభై రియాళ్లు వేశారుగా, 'డిజిటల్ అలవెన్స్' అని పేరు పెట్టి!

అలవెన్స్ అయితేనేం, డబ్బు డబ్బే కదా అంటారు అమాయకులు. 2023 జులై 26న అమల్లోకి వచ్చిన కార్మిక చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగికి గ్రాట్యుటీ ఏడాదికి ఒక నెల బేసిక్. అంతకుముందు మొదటి మూడేళ్లకూ ఏడాదికి పదిహేను రోజులదే ఇచ్చేవారు. చట్టం చెయ్యి కాస్త పెద్దది చేసుకుంది, కంపెనీ బేసిక్‌ని కాస్త చిన్నది చేసుకుంది. కొత్త చట్టం కింద ఎనిమిదేళ్లు చేసినవాడికి మొత్తం జీతం 800 రియాళ్లు, అందులో బేసిక్ 300 అనుకుందాం. చేతికొచ్చేది 2,400. అదే బేసిక్ 500 అయితే 4,000. తేడా మన డబ్బుల్లో మూడున్నర లక్షల పైమాటే. ఆ కేకు ఖరీదు అదన్నమాట.

ఇక బెల్ కర్వ్. ఇంతమందికి బాగు, ఇంతమందికి మధ్యస్థం, ఇంతమందికి దండగ అని ముందే వాటాలు కట్టేసే ఈ పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013లోనే వదిలించుకుంది. మన మస్కట్ మేనేజర్లు మాత్రం ఇంకా కళ్లకద్దుకుంటున్నారు. టీములో ఉన్నదే నలుగురు. నలుగురూ ఆదివారం నుంచి గురువారం దాకా రాత్రింబవళ్లు కూర్చుని ప్రాజెక్టు గట్టెక్కించారు. అయినా ఒకడు దండగ కావాలి, గ్రాఫు అలా అడుగుతోంది. సాధారణంగా ఆ ఏడాది పెళ్లికి ఊరెళ్లి వచ్చినవాడు దొరుకుతాడు.

జీతం పెంచమని గట్టిగా అడిగితే, కొలువులు ఒమానీలకివ్వాలనే ఒమానైజేషన్‌ని చూపిస్తారు. 2018 జనవరిలో 87 వృత్తుల్లో విదేశీయులకు కొత్త వీసాలు ఆపారు, ఐటీ కొలువులూ అందులో ఉన్నాయి, నిజమే. ఒమానీ కుర్రాళ్లకు ఒమాన్‌లో ఉద్యోగాలు రావడం న్యాయం కూడా. ముల్కీ గొడవల మీద 1969లో ఒకవైపు, 1972లో మరోవైపు రోడ్డెక్కినవాళ్లం, 2019లో పరిశ్రమల్లో 75 శాతం కొలువులు స్థానికులకేనని ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేసుకున్నవాళ్లం, దాన్ని తప్పుపట్టే మొహం మనకెక్కడిది? కాకపోతే ఆ ఒమానీ పిల్లల్నైనా ఎదగనిస్తున్నారా? శాతం లెక్క కోసం చేర్చుకుని, పాస్‌వర్డ్ కూడా ఇవ్వకుండా మూల సీట్లో కూర్చోబెడతారు. మనవాడికేమో వాళ్లను చూపించి జీతం ఆపుతారు, వాళ్లకేమో మనవాణ్ణి చూపించి పని ఆపుతారు. ఒక్క దెబ్బకి రెండు జీతాలు మిగులు.

అన్నిటికన్నా ముచ్చటైనది 'మా దగ్గర చేరినవాళ్లు పదేళ్లయినా వెళ్లరు' అనే గొప్ప. 2014 నుంచి 2020 చివరిదాకా పాత యజమాని అభ్యంతరం లేదన్న కాగితం, అంటే ఎన్‌ఓసీ ఇవ్వకపోతే, ఉద్యోగం వదిలిన విదేశీయుడు రెండేళ్లపాటు ఒమాన్‌లో మళ్లీ పనికి రావడానికి వీల్లేదు. బయట గొళ్లెం పెట్టి, లోపలివాళ్లకు మా ఇల్లంటే ప్రాణం అన్నట్టుంది. 2021 జనవరి 1న గొళ్లెం తీశారు. కాంట్రాక్టు అయిపోతే ఎన్‌ఓసీ లేకుండానే వేరే కంపెనీకి మారొచ్చు. అప్పటినుంచే 'ఎంప్లాయీ ఎక్స్‌పీరియన్స్' సర్వేలు మొదలైన ఆఫీసులున్నాయంటే ఆశ్చర్యం లేదు. పేరు రాయక్కర్లేదట, ఎంత దయ! విభాగం, హోదా, దేశం, చేరిన సంవత్సరం రాస్తే చాలు. డేటాబేస్ విభాగంలో 2016లో చేరిన భారతీయుడు ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ అన్ని ప్రశ్నలకూ 'చాలా సంతృప్తి' అని టిక్కు పెట్టి ఇంటికెళ్తాడు.

2028 జనవరి నుంచి ఏడాదికి 42,000 రియాళ్లు దాటిన ఆదాయం మీద ఒమాన్ 5 శాతం పన్ను వేయబోతోంది. గల్ఫ్ దేశాల్లో వ్యక్తిగత ఆదాయపు పన్ను ఇదే మొదటిది. మనవాళ్లు అప్పుడే కంగారుపడుతున్నారు. వచ్చే టౌన్‌హాల్లో హెచ్‌ఆర్ ఈ ఒక్క విషయంలో నిజం చెప్పొచ్చు: హెడ్లూ, లీడ్లూ, స్ట్రాటజిస్టులూ ఎవరూ భయపడక్కర్లేదు, మీలో ఒక్కరికి కూడా అది తగలకుండా కంపెనీ ముందునుంచీ జాగ్రత్త పడుతూనే ఉంది.