ఉదజనికి వర్ణవ్యవస్థ

2025 జూలైలో అమరావతిలో హరిత ఉదజని (గ్రీన్ హైడ్రోజన్) ప్రకటన వెలువడినది మొదలు మన రాష్ట్రము హరిత ఉదజని లోయ యైపోయినది. తూర్పుకనుమలకును బంగాళాఖాతమునకును నడుమ నీ లోయ యెచ్చట వెలసినదో, పూర్వకాలపు భూగోళము చదివిన నాబోటివానికి బోధపడదు గాని, కాలిఫోర్నియాలో నొక లోయ యుండగా మనకొకటి యుండవలదా యని సరిపెట్టుకొంటిని. లోయ సంగతి పోనిండు. ఆ హరితమే నాకు మ్రింగుడు పడకున్నది.

ఉదజని రంగు, రుచి, వాసన లేని వాయువని మా సైన్సు మాస్టారు బెత్తము చేతబట్టి మాచేత వల్లె వేయించిరి. 1766లో హెన్రీ కావెండిష్ దానిని పట్టి పరీక్షించినప్పుడు సైతము ఆయన కంటికి రంగేమియు కానరాలేదు. పాపము, ఆ మహానుభావునకు కన్సల్టెంట్లు లేరు. నేడు ఆ వర్ణరహితమునకు చక్కని వర్ణవ్యవస్థ యేర్పడినది. పుట్టుకను బట్టియే వర్ణము. సహజవాయువు గర్భమున జనించినది బూడిదవర్ణము. బొగ్గున బుట్టినది కృష్ణవర్ణము. ఆ బూడిదవర్ణమే తన పొగను భూగర్భమున పాతిపెట్టెదనని ప్రమాణము చేసినచో ప్రాయశ్చిత్తము జరిగి నీలవర్ణమగును. అణువిద్యుత్తు ప్రసాదించినది గులాబి. సూర్యుని, గాలిని ఆశ్రయించి నీటినుండి వెలువడినది మాత్రము హరితము, అనగా అగ్రవర్ణము. మాలి దేశమున బురాకెబుగూ గ్రామస్థులు 1987లో నీళ్లకై బోరు త్రవ్వగా ఉదజని తనంత తానే పైకి వచ్చినది. కొన్నేండ్లకు వారు దానితో దీపములు వెలిగించుకొనిరి. పండితులు విచారించి అది తెల్లనిదని తేల్చిరి. ఇన్ని వర్ణములును ఒక్క గొట్టమున బోసినచో ఏది యేదో చూచి చెప్పగలవాడు లేడు. కావున మండలాఫీసు చుట్టు తిరిగి తెచ్చుకొను కులధ్రువపత్రము వంటిది దీనికిని కావలసివచ్చినది.

మా మేనల్లుడు ఈ వ్యాపారమున జొచ్చిన యొక సంస్థలో ఈ మధ్యనే చేరినాడు. ఆదివారము భోజనమునకు వచ్చి, పప్పులో నెయ్యి వేసికొనుచునే నాకు వర్ణోపదేశము ప్రారంభించెను. అందఱును వాడుకొను గ్రిడ్డు కరెంటుతో నీటిని విడగొట్టినచో నేమందురని యడిగితిని.

“అది యెల్లో మామయ్యా. మాది గ్రీన్.”

“తెలుగులో రెండూ పచ్చే కదరా! పసుపూ పచ్చే, ఆకూ పచ్చే.”

వాడు నవ్వలేదు.

“సరే, రాత్రి ఎండ ఉండదు కదా. మీ యంత్రాలు పడుకుంటాయా?”

“పడుకోబెడితే గిట్టుబాటు కాదు మామయ్యా. పగలు మిగిలింది గ్రిడ్డుకిస్తాం, రాత్రి గ్రిడ్డు నుంచి తీసుకుంటాం. చూసేది సగటు. సంవత్సరం సగటు.”

సగటు! వాని మాట కల్పితము కాదు. 2023 ఆగస్టున కేంద్రప్రభుత్వము చేసిన నిర్వచనము ప్రకారము కిలో ఉదజనికి 2 కిలోలకు మించని బొగ్గుపులుసు వాయువు వెలువడినచో అది హరితమే. ఆ 2 కిలోలును పండ్రెండు నెలల సగటు. గ్రిడ్డున దాచియుంచితినని చెప్పి మరల పుచ్చుకొన్న సౌరవిద్యుత్తు సౌరవిద్యుత్తుగానే చెల్లును. మా నాయనమ్మ ఏకాదశినాడు మంచినీళ్లయినను ముట్టెడిది కాదు. పాపము, ఆమెకు సగటు తెలియదు. తెలిసియున్నచో, మధ్యాహ్నము విస్తరి ముందు కూర్చుండక, తన వంతు బియ్యము పొరుగింట దాచి, రాత్రి వారింటనుండి పులిహోర తెప్పించుకొని సుష్ఠుగా భుజించి, ద్వాదశి యుదయమున నిరాహారవ్రతమునకు ధ్రువపత్రము పుచ్చుకొనియుండెడిది.

అర్ధరాత్రి మన తీగలలో ప్రవహించునదేమో పరవాడ దగ్గఱి 2,000 మెగావాట్ల సింహాద్రి బొగ్గు విద్యుత్కేంద్రపు పొగగొట్టములు చెప్పగలవు. మన దేశపు విద్యుత్తులో యూనిటుకు సగటున సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడుచున్నది. కిలో ఉదజనికి 50 యూనిట్లకు పైగా కావలెను. హెచ్చవేసి చూడుడు: 35 కిలోలు. ఎల్లరును ఈసడించు ఆ బూడిదవర్ణపు ఉదజని చేయు పాపము 10 కిలోలకు అటు ఇటు మాత్రమే. మూడు రెట్ల పొగ వదలి, లెక్కల పుస్తకమున స్నానముచేసి, పచ్చని పట్టువస్త్రము కట్టుకొని వేదిక యెక్కుదురు. దీనిని తెలుగున పచ్చి అబద్ధమందురు. అనుటకు నాకు మొగమాటము లేదు.

ధర మాట చూతము. కిలో 460 రూపాయలున్నదానిని, అమరావతి ప్రకటన ప్రకారము, 2029 నాటికి 160కి దింపెదరట. యూనిటు 3 రూపాయలకే దొరికినను 50 యూనిట్లకు 150 రూపాయలు. మిగిలిన 10 రూపాయలలో యంత్రము కొనవలెను, సముద్రపు నీటిని మంచినీరు చేయవలెను, జీతములీయవలెను, లాభమును చూచుకొనవలెను. పది రూపాయలకు నేడు మంచి టీ రాదు. ఎప్పుడో కాల్చిన దీపమునకు నేడు నా బిల్లులో సర్దుబాటు చార్జీ వడ్డించుచున్నారు. అట్టిచోట కంపెనీకి చౌకగా నిచ్చిన కరెంటు తాలూకు తేడా యెవరి బిల్లున వచ్చి కూర్చుండునో నాకు తెలియును, మీకును తెలియును.

2022లో కేంద్రమంత్రి గడ్కరీగారు ఉదజని కారెక్కి పార్లమెంటుకు వెళ్లిరి. ఆ కారింకను మా వీధికి రాలేదు.

2025 జనవరి 8న శంకుస్థాపన జరిగిన పూడిమడక కేంద్రము దినమునకు 1,500 టన్నుల ఉదజనిని, దానినుండి 7,500 టన్నుల యితర పదార్థములను తయారుచేయునట. అచ్చటనే యొకప్పుడు 4,000 మెగావాట్ల బొగ్గుకేంద్రము కట్టవలెననుకొనిరి; నేలకును వర్ణము మారినది, మంచిదే. కాని సరకు ప్రధానముగా ఎగుమతికట! ఎండ మనది, గాలి మనది, వలలారవేసికొను తీరము మనది. పుణ్యము మాత్రము ఓడ యెక్కి పరదేశము పోవును, పొగగొట్టములు పరవాడలోనే యుండును.

ఉదజనియే వలదని నేననను. మన దేశమున అది ఇప్పటికే లక్షల టన్నులు ఖర్చగుచున్నది, చమురు శుద్ధికిని ఎరువులకును. నత్రజనితో కలసి అది అమ్మోనియా యగును, అమ్మోనియా యూరియా యగును, యూరియా వరిమడికి చేరును. హరితమన్నది నిజముగా సాధ్యమైనచో మొట్టమొదట పోవలసినది అచ్చటికి. ఈ మాట ననగా మేనల్లుడు “అందులో మార్జిన్ లేదు మామయ్యా” అని చేయి కడుగుకొనెను.

అమరావతి ప్రకటన తరువాతి నెలలోనే మా యూరి సహకార సంఘము ముందఱ యూరియాకై తెల్లవాఱకమునుపే చెప్పుల వరుస నిలిచినది. యజమానులు రావిచెట్టు క్రింద చేరి బీడీలు కాల్చుకొనుచుండగా, నీలి పట్టీల హవాయి జోడు, దాని వెనుక నల్లనిది, పట్టీ తెగినచోట పిన్నీసు గ్రుచ్చిన తెల్లనిది, గులాబిరంగుది యొకటి, నడుమ నడుమ రాయి మోపిన పాసుపుస్తకము, ఇట్లు వీధి మలుపుదాక సాగినవి. ఆకుపచ్చ పట్టీలది మాత్రము నాకు కానరాలేదు. పదునొకండు గంటలకు లోపలినుండి కుఱ్ఱవాడొకడు వచ్చి, స్టాకు అయిపోయినదని చెప్పి తలుపు వేసికొనెను. ఎవరి చెప్పులు వారు వెదకికొని తొడుగుకొనిరి.