ప్యాటర్న్ల మాస్టారు

మా కాలనీ సంఘం మీటింగులో సెక్రటరీ గొంతు సవరించుకుని, ‘టుడే వుయ్ విల్ డిస్కస్ అబౌట్ డ్రైనేజ్’ అన్నాడు. వెనక వరసలో ఒక గొడుగు పైకి లేచింది. గొడుగు కింద మాస్టారున్నారు.

‘డిస్కస్ డ్రైనేజ్. మధ్యలో అబౌట్ ఎందుకయ్యా? డిస్కషన్ అని నామవాచకం వాడావా, అబౌట్ పెట్టుకో, ఎవరూ కాదనరు. డిస్కస్ అని క్రియ వాడితే మాత్రం కర్మ నేరుగా వచ్చి తగలాలి.’

‘మా కర్మ!’ అన్నాడు కోశాధికారి మెల్లగా.

‘అదే, డైరెక్ట్ ఆబ్జెక్టే,’ అన్నారు మాస్టారు సంతోషంగా.

ఆ పూట అబౌట్ మీద ముప్పావుగంట చర్చ జరిగింది. డ్రైనేజీ మాత్రం ఏ ప్రిపోజిషనూ అడ్డం లేకుండా వీధి పొడుగునా సాఫీగా పారింది.

ఇలాంటి మాస్టారు మన ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. మా మాస్టారు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఎప్పుడో డెబ్భైల్లో హైదరాబాదులో సీఫెల్ అనే ఇంగ్లీషు సంస్థకి ట్రైనింగుకెళ్లారు. వెళ్లేటప్పుడు రెన్ అండ్ మార్టిన్ చంకన పెట్టుకుని వెళ్లిన మామూలు మనిషే. తిరిగొచ్చేటప్పుడు హార్న్‌బీని వెంటబెట్టుకొచ్చారు.

హార్న్‌బీ అంటే మనందరం పరీక్షలకి కొనుక్కుని తర్వాత కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆయనే. 1924లో జపాన్ వెళ్లి అక్కడి పిల్లలకి ఇంగ్లీషు చెప్పాడు. 1942లో టోక్యోలో అచ్చయిన నిఘంటువునే 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు మళ్లీ వేశారు. 1954లో ఇంగ్లీషు క్రియలన్నిటినీ ఇరవై అయిదు ప్యాటర్న్లుగా విడగొట్టి ఒక పుస్తకం రాశాడు. ఆ పుస్తకం మాస్టారింట్లో పంచాంగం పక్కన ఉంటుంది. మంచిరోజు చూడాలంటే పంచాంగం, మంచిమాట మాట్లాడాలంటే హార్న్‌బీ.

‘వ్యాకరణం వేరు, ప్యాటర్న్ వేరురా. పదం తాలూకు కులగోత్రాలు వ్యాకరణం చెబుతుంది. అది ఎవరితో కాపురం చేస్తుందో ప్యాటర్న్ చెబుతుంది. వాంట్ ఇంటికి కోడలు టూ. వాంట్ టు గో. ఎంజాయ్ ఇంటికి కోడలు ఇంగ్. ఎంజాయ్ గోయింగ్. ఎంజాయ్ టు గో అన్నావో, పక్కింటి కోడల్ని మనింట్లో వంటకి పిలిచినట్టే.’

‘మరి స్టాప్ అండీ?’ అన్నాను.

‘వాడికి ఇద్దరూ కావాలి. స్టాప్డ్ స్మోకింగ్ అంటే చుట్ట మానేశాడు. స్టాప్డ్ టు స్మోక్ అంటే నడుస్తున్నవాడు ఆగి మరీ చుట్ట వెలిగించాడు.’

‘ఈయన ప్రతి ఉగాదికీ మొదటిది చేస్తారు, సాయంత్రానికి రెండోది,’ అంది మాస్టారి భార్య వంటింట్లోంచి.

తప్పు పట్టడంలో మాస్టారికి ఉన్నంత ఉత్సాహమే అది ఎక్కణ్ణుంచి పుట్టిందో చెప్పడంలోనూ ఉంది. డాక్టరు దగ్గొకటి విని, ఏ ఊరి నీళ్లు తాగావని అడిగినట్టుంటుంది. ‘ఎక్స్‌ప్లెయిన్ మీ అంటున్నావంటే నీ బుర్రలో నాకు వివరించు అని ఉంది. నాకు చెప్పు టెల్ మీ అయింది కదా, నాకు వివరించు ఎక్స్‌ప్లెయిన్ మీ ఎందుకు కాదనుకున్నావు. మన కి, కు ఉన్నాయే, ధర్మప్రభువులు. ఏ క్రియకైనా ఒకే వడ్డన. ఇంగ్లీషు క్రియల్లో పంక్తిభేదం ఉంది నాయనా. టెల్‌కి మీ చాలు. ఎక్స్‌ప్లెయిన్‌కి టు మీ వడ్డిస్తేనే విస్తరి ముందు కూర్చుంటుంది.’

మ్యారీడ్ విత్ అన్నవాడి వెనక ‘తో పెళ్లి’ ఉందనీ, రీచ్డ్ టు విజయవాడ అన్నవాడి వెనక ‘విజయవాడకి’ ఉందనీ ఆయన ఇట్టే పసిగడతారు. అందుకే మా వీధిలో పెళ్లి పత్రికలు ఇంగ్లీషులో అచ్చువేయించేవాళ్లు మాస్టారికి కార్డు ఇవ్వడానికి భయపడతారు. భోజనానికి భయం లేదు. కార్డు చదివి అందులో ఎర్రసిరాతో దిద్ది, చదివింపులతో పాటు వరుడి చేతికిస్తారు.

ఒకసారి ఎదురింటి కుర్రాడు వచ్చి, ‘సార్, సజెస్ట్ మీ ఎ గుడ్ బుక్’ అన్నాడు.

‘నిన్నా? ఏ పోస్టుకిరా?’

‘పోస్టు కాద్సార్, పుస్తకం.’

‘సజెస్ట్ మీ అంటే ఎవరికో నీ పేరు సూచించమని. సజెస్ట్ ఎ బుక్ టు మీ అనాలి. పోనీ, సజెస్ట్ తర్వాత ఇంకేం రాదో చెప్పు?’

కుర్రాడు పుస్తకం లేకుండానే వెళ్లిపోయాడు. సజెస్ట్ తర్వాత టు గో రాదని మాస్టారు గేటు దాకా వెళ్లి మరీ వినిపించారు.

ఆయన జీవితంలో పెద్ద దెబ్బ 1989లో తగిలింది. నిఘంటువు నాలుగో కూర్పులో, అంతకుముందు ప్రతి క్రియ పక్కనా ఉండే ప్యాటర్న్ అంకెలు తీసేసి అక్షరాల గుర్తులు పెట్టారు. ఇరవై అయిదు అంకెలూ సంధ్యావందనంలా నోటికొచ్చిన మనిషి. ఆ రాత్రి పెరుగన్నం కూడా ముట్టలేదని ఇంట్లోవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మాస్టారి భార్యకి మాత్రం ఈ ఇరవై అయిదింటి మీదా గౌరవం లేదు. ‘నాకు రెండు చాలండీ. చెయ్యి, అవు. గ్యాస్ బుక్ చెయ్యాలి. మోటార్ ఆఫ్ చెయ్యాలి. సీరియల్ మిస్ అవుతాను. మీతో యాభై ఏళ్లుగా అడ్జస్ట్ అవుతున్నాను. ఏ ఇంగ్లీషు క్రియ అయినా మా ఇంటి గడప తొక్కాక చెప్పులు బయట విడిచి, నామవాచకంలా ఓ మూల కూర్చోవలసిందే. పనంతా మా చెయ్యి, అవు చూసుకుంటాయి.’

మాస్టారు నోరు తెరిచి మూశారు. ఆవిడ మాటలో దిద్దడానికేమీ దొరకలేదు.

కిందటి వేసవిలో డల్లాస్ నుంచి మనవరాలు వచ్చింది. పదకొండేళ్లు. దాని ఇంగ్లీషులో ఎర్రసిరాకి చోటు లేదు. సజెస్ట్ గోయింగ్, ఎంజాయ్ రీడింగ్, లుక్ ఫార్వర్డ్ టు సీయింగ్, అన్నీ మల్లెపూలు రాలినట్టు రాల్తున్నాయి. మాస్టారు రెండు రోజులు పరవశించారు. మూడోరోజు ఆ పిల్ల తెలుగు మొదలుపెట్టింది.

‘తాతా, నాకు ఆకలి వస్తోంది.’

‘ఆకలి వేస్తోంది, తల్లీ.’

‘ఓకే. నిద్ర కూడా వేస్తోంది.’

‘నిద్ర వేయదమ్మా, వస్తుంది.’

‘జలుబు వస్తుందా, వేస్తుందా?’

‘జలుబు చేస్తుంది.’

‘చేస్తుందా? ఏం చేస్తుంది?’ అని ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసింది. ‘భయం?’

‘వేస్తుంది.’

‘కోపం?’

‘వస్తుంది,’ అన్నారు మాస్టారు, నిజంగానే వస్తున్నట్టు.

‘టేబుల్ ఎక్కడుంది తాతా? ఏ నౌన్‌కి ఏ వెర్బో?’

పంచాంగం పక్కన చూశారు. అక్కడ హార్న్‌బీ ఒక్కడే ఉన్నాడు, మాట్లాడకుండా.

మర్నాడు పొద్దున గ్లాసు చూపించి, ‘పాలు ఉంది’ అంది. ‘ఉన్నాయి’ అన్నారు. ‘ఒక గ్లాసే కదా, ఎందుకు బహువచనం?’ అంది. నీళ్లు కూడా అంతేనన్నారు. పెరుగు సంగతి అడిగింది. పెరుగు ఉంది అన్నారు. అని, తనే ఆగిపోయారు. రాత్రి తోడు పెట్టినప్పుడు బహువచనంగా ఉన్నవి, తెల్లారేసరికి ఏకవచనమై గిన్నెలో గడ్డకట్టుక్కూర్చున్నాయి. ముప్పై ఏళ్లు క్లాసులో ఫర్నిచర్స్ అన్నవాణ్ణి బెంచీ ఎక్కించిన మనిషి, మొదటిసారి పెరుగు గిన్నె వైపు అనుమానంగా చూశారు.

పిల్ల డల్లాస్ వెళ్లిపోయింది. మాస్టారు మాత్రం రెండొందల పేజీల నోటుబుక్కు కొన్నారు. ఇప్పుడు మీటింగుల్లో గొడుగు లేవడం లేదు. కనబడ్డవాళ్లనల్లా ఆపి, ‘నిద్ర ఎందుకొస్తుందంటారు? వేయకూడదా?’ అని అడుగుతున్నారు. పెద్దాయన ఆరోగ్యం గురించి వీధిలో గుసగుసలు మొదలయ్యాయి.

మొన్న సాయంత్రం చుట్టల కోసం బయల్దేరి, దారిలో మందులషాపు మెట్లెక్కి అదే ప్రశ్న వేశారు. కౌంటర్లో కుర్రాడు జాలిగా చూశాడు.

‘రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదా మాస్టారూ?’

‘పట్టడం!’ అన్నారు మాస్టారు, చంకలోంచి నోటుబుక్కు తీస్తూ. ‘అది మర్చేపోయాను. ఉండు, ఉండు. రావడం, పట్టడం… ఇంకేమైనా ఉన్నాయా బాబూ నీ దగ్గర?’

‘ఉన్నాయండీ. కానీ డాక్టరు చీటీ కావాలి,’ అన్నాడు వాడు.