రౌటరు పద్యానికి టీకా తాత్పర్యం

అడుగువాఁ డెవండొ యడుగక గోడకు
ద్వార మొకటి తెరచు దాత యితఁడు
తెరచినట్టి దాని తిరిగి మూయుట మాత్ర
మెరుగఁ డింటి గడప మేటి బంటు

అవతారిక: ఇంటి రౌటరు సెట్టింగుల్లో యూపీఎన్‌పీ అనే మీట ఉంటుంది. చాలా పెట్టెల్లో అది కొన్ననాటి నుంచే ఆన్‌లో ఉంటుంది. దాని దాతృత్వానికి విస్తుపోయి కవి చెప్పిన పద్యమిది.

టీక: అడుగువాఁడు = గేమ్ కన్సోలు, టోరెంటు ప్రోగ్రాము, సీసీ కెమెరా, వీటి చాటున చేరిన వైరసు; ఎవండొ యడుగక = పాస్‌వర్డు ఊసెత్తకుండా (వైఫైకి మాత్రం ఇదే పెట్టె పాస్‌వర్డు అడుగుతుంది); గోడకు = పిలవని పేరంటాలను ఆపే న్యాట్‌కు; ద్వారము = పోర్టు; దాత = కర్ణుడు, కవచం కూడా ఇచ్చేస్తాడని ధ్వని.

అడిగే పద్ధతి చూడండి. కన్సోలు 239.255.255.250 చిరునామాకు, 1900 పోర్టులో, ‘ఈ ఇంటి గేట్‌వే ఎవరండీ’ అని కేక వేస్తుంది. రౌటరు పలుకుతుంది. ‘బయట 3074కి వచ్చింది లోపల 192.168.1.7కి పంపు, గడువు సున్నా’ అంటుంది కన్సోలు. రౌటరు తలూపుతుంది, అంతే.

తిరిగి మూయుట: 2001 నాటి మొదటి ప్రమాణంలో గడువు సున్నా అంటే శాశ్వతం. తెరిపించుకున్నవాడే మూయించాలి, వాడు మరిచిపోతే తలుపు బార్లా. 2010 నాటి రెండో ప్రమాణం సున్నాను వారానికి కుదించింది.

పూర్వపక్షం: అడిగేది ఇంట్లోవాళ్లే కదా? 2001లో చెల్లిన వాదమే. ఇప్పుడు బల్బు కూడా ఇంటిమనిషే. పైగా ర్యాపిడ్7 పరిశోధకులు ఇంటర్నెట్టంతా గాలించి 2013లో బయటపెట్టిన లెక్క ప్రకారం, ఆ కేకకు వీధిలోంచే పలికిన చిరునామాలు 8 కోట్లకు పైనే! కన్సోలు లేని ఇంట్లో మీట ఆపేస్తే పోయేదేమీ లేదని ఈ వ్యాఖ్యాత మతం.

తాత్పర్యం: ఎవరడిగినా తీసి, మూయడం చేతకాని రౌటరును పొగుడుతున్నట్టే తిట్టడం. అలంకారం వ్యాజస్తుతి.

విశేషం: మన దేశంలో చాలా ఇళ్లకు సొంత పబ్లిక్ చిరునామా లేదు, సర్వీసు కంపెనీ సీజీన్యాట్ వెనక ఎన్నో ఇళ్లు ఒకే చిరునామాను పంచుకుంటాయి. రౌటరు వాన్ చిరునామా 100.64 నుంచి 100.127 దాకా దేనితో మొదలైనా ఇదే సంగతి అనుకోవచ్చు. అక్కడ మన తలుపు తీసినా అది అపార్ట్‌మెంటు వరండాలోకే, వీధి గేటు కంపెనీ చేతిలో. కొందరు రౌటరు దాతృత్వాన్ని అపాత్రదానమంటారు గానీ, ఆ పాత్రుడు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తెరమీద ‘న్యాట్: స్ట్రిక్ట్’ చూసుకుంటూ పక్కగదిలో తిట్లు లంకించుకున్నాడు కనుక ఆ మాట చెల్లదు.