తక్కువలో కొన్న సామాను

దీపావళి మందు కూరడానికి నేను కొన్న సామానంతా ఒక గోనెసంచిలో పట్టింది. చిన్న తక్కెడ, జల్లెడ, కుమ్మరి దగ్గర మట్టి బుడ్లు, జువ్వలకు అట్ట గొట్టాలు, మందు దట్టించడానికి ఇనప సామాను కొట్టులో దొరికిన ఊస. అమలాపురం బజారులో ఒక్కో వస్తువునూ గీసి గీసి బేరమాడాను. నూరుకోవడానికి మా పెరట్లో రుబ్బురోలు ఎలాగూ ఉంది. డిగ్రీ పూర్తయి, ఉద్యోగం రాక, రాజోలు పక్కన మా ఊళ్లో ఉంటున్న రోజులవి. 1990ల మొదటి సంవత్సరాలు. బాణసంచా కొట్లో పెట్టెల ధరలు చూసి, అందులో కొద్ది డబ్బుతో ఇంటిల్లిపాదికీ దీపావళి చేసిపెడతానని అమ్మతో అన్నాను. ఎంత మిగిల్చానో కాగితం మీద లెక్క రాసి చూపించాను కూడా.

మా వైపు దసరా వెళ్లిందంటే చిచ్చుబుడ్లు కూరుకునే ఇళ్లు ఆ రోజుల్లో ఇంకా ఉండేవి. చిన్నప్పుడు పెద్దవాళ్లు అరుగుల మీద కూర్చుని మతాబులు చుడుతుంటే చూశాను. చూశాను కాబట్టి వచ్చనుకున్నాను. నా తెలివితక్కువతనానికి మొదలు అదే. కళ్లకు కనిపించేది చేతుల కదలిక. ఆ చేతులు ఏ వస్తువును ముట్టుకోకుండా ఉన్నాయో, ఏ రెండింటిని ఒకచోట పెట్టకుండా జాగ్రత్తపడ్డాయో అరుగు కింద నిలబడిన పిల్లవాడికి కనిపించదు.

మందులో సూరేకారం, గంధకం, బొగ్గు ఉంటాయని అందరికీ తెలుసు. సూరేకారం ఎందుకు వేస్తారో మాత్రం నేను ఎన్నడూ ఆలోచించలేదు. కట్టె మండాలంటే చుట్టూ గాలి కావాలి. మందుకు అక్కర్లేదు. మండడానికి కావలసిన ప్రాణవాయువును సూరేకారమే లోపలి నుంచి ఇస్తుంది. అందుకే మూసిన గొట్టంలో కూడా మందు మండుతుంది, ఒకసారి రాజుకున్నాక మూతపెట్టి ఆపడానికి వీలుండదు. రాజుకోవడానికి దానికి అగ్గిపుల్లే కావాలని కూడా లేదు. ఇనుముకు రాయి తగిలినప్పుడు లేచే రవ్వ చాలు. గట్టి ఒరిపిడి చాలు. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే నా సంచిలో ఇనప ఊస ఉండేది కాదు.

తెలుసుకునే అవకాశం లేకపోలేదు. మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవారు. లైసెన్సు ఉన్న మందుగుండు తయారీలో చాలాకాలం పనిచేసి వచ్చిన మనిషి. నా సంచి చూసి ఆగారు.

“ఈ ఊస ఎందుకండీ అబ్బాయిగారూ?”

“దట్టించడానికండీ.”

“ఇనప ముక్క మందు దగ్గరికి రాకూడదండి. రాగిదో ఇత్తడిదో ఉండాలి, లేదంటే నున్నగా చెక్కిన కర్ర. ఆ రోలూ వద్దండి. అన్నీ కలిపి నూరేది కాదండి ఇది.”

“ఆయ్, చూస్తానండి” అన్నాను.

ఆయన కదలలేదు. కాగితం పొట్లంలోని తెల్లపొడి వేలితో చూపించి, ఏ కొట్లో తెచ్చారని అడిగారు. మిగతా కొట్ల కంటే తక్కువకిచ్చారని చెప్పాను. “తక్కువకెందుకిచ్చాడో అడిగారా అండి?” అన్నారు. నాకు కోపం వచ్చింది. చదువుకున్నవాణ్ణి, నాకు ఈయన చెప్పేదేమిటన్న అహంకారం అది. దాన్ని ఇప్పుడు ఏ మెత్తటి మాటతోనూ కప్పదలచుకోలేదు.

ఆయన అడిగిన ప్రశ్న ఎంత లోతైనదో చాలా ఏళ్లకు అర్థమైంది. సూరేకారం అనే పొటాషియం నైట్రేటూ తెల్లగానే ఉంటుంది, పొటాషియం క్లోరేటూ తెల్లగానే ఉంటుంది. గంధకంతో కలిసిన క్లోరేటు కొద్దిపాటి ఒరిపిడికే పేలగలదు. గంధకం, క్లోరేటు కలిసిన మిశ్రమాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే దేశమంతటా నిషేధించింది. పొట్లంలో ఉన్నది ఏదో నేను అడగలేదు. అడిగితే నాకు తెలియదన్న సంగతి కొట్టువాడికి తెలిసిపోతుందని అడగలేదు.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. మందు తడుస్తుందని పనంతా పెరటి వసారాలోకి మార్చాను. నిప్పుకు దూరంగా ఆరుబయట చేయవలసిన పనిని కప్పు కిందికి, మనుషుల మధ్యకు తెచ్చుకున్నాను. మా అక్క కొడుకు, పదేళ్ల పిల్లవాడు, గొట్టాలు అందిస్తానని పక్కన కూర్చున్నాడు. పొమ్మని అనలేదు. మామయ్య పనితనం వాడు చూడాలని నాకే ఉంది.

దట్టిస్తుండగా ఒక్కసారి తెల్లటి మంట లేచింది. నా కనుబొమలు, కుడిచెయ్యి కాలాయి. నావి మానిపోయాయి. వాడి ఎడమచేతి రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడవవు. రాజేసింది ఊసా, రోట్లోంచి వచ్చిన రాతి నలుసా, ఆ తెల్లపొడా అన్నది ఈనాటికీ చెప్పలేను. మూడూ డబ్బు మిగులుతుందని నేను ఎంచుకున్నవే. అమ్మకు చూపించిన లెక్కలో పిల్లవాడి చెయ్యి లేదు. వాడు ఇప్పుడు కొబ్బరితోట చూసుకుంటున్నాడు. నన్ను ఒక్కమాటా అనలేదు. అనకపోవడం వల్ల నా బాధ్యత తగ్గదు.

చాలా ఏళ్లకు అమెరికాలో టెక్సాస్‌లో ఉన్న మా బావ ఇంటికి వెళ్లాను. ఆయన తుపాకి గురి సాధన చేస్తాడు. కాల్చేసిన తూటాల ఇత్తడి గుల్లల్ని ఏరి తెచ్చుకుని మళ్లీ నింపుకుంటాడు. సొంత వాడకానికి అలా నింపుకోవడం అక్కడ చట్టం ఒప్పుకునే పని. మనకైతే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు తప్పనిసరి. బల్ల మీద సామాను చూడగానే నా గోనెసంచి గుర్తొచ్చి, మొదలుపెట్టినప్పుడు తక్కువలో ఏం కొన్నావు బావా అని అడిగాను.

గుల్లను నొక్కే ప్రెస్సు తక్కువలో తీసుకున్నానన్నాడు. ఖరీదైన ప్రెస్సు పని తొందరగా చేస్తుంది, చవకది నెమ్మదిగా చేస్తుంది, తేడా అంతవరకేనట. 1958లో విస్కాన్సిన్‌లో రిచర్డ్ లీ అనే ఆయన ప్రెస్సే అక్కర్లేని చేతి కిట్టు తయారుచేసి అమ్మాడు. ఆ కిట్లలో సుత్తి దెబ్బలతోనే తూటా నింపే రకాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. కానీ మందు తూచే త్రాసు దగ్గర, ఏ గుండుకు ఎంత మందో చెప్పే పుస్తకం దగ్గర, కళ్లద్దాల దగ్గర బావ పైసా తగ్గించలేదు. త్రాసు నిజం చెబుతోందో లేదో చూసుకోవడానికి విడిగా తూనికరాళ్లు కొన్నాడు. బల్ల మీద ఎప్పుడూ ఒక్క మందు డబ్బానే ఉంటుంది, అదీ కంపెనీ డబ్బాలోనే. పిస్తోలు గుల్లలో పట్టే చోటు ఎక్కువ, వేసే మందు తక్కువ కాబట్టి పొరపాటున రెండుసార్లు పోసినా పట్టేస్తుంది. ఆ తూటా పేలిస్తే తుపాకే పగలవచ్చు. అందుకని ప్రతి గుల్లలోకీ లైటు వేసి చూస్తాడు. ఇంత చేసేవాడు కూడా మందును మాత్రం సొంతంగా తయారుచేయడు. ఫ్యాక్టరీలో చేసిందే కొంటాడు.

కొత్తవాడు ఎక్కడ తగ్గించుకోవచ్చో, ఎక్కడ తగ్గించుకోకూడదో నాకు అక్కడ తేటపడింది. శ్రమను, వేగాన్ని తగ్గించే వస్తువు తక్కువలో కొనవచ్చు. పొరపాటును పట్టి చూపించే వస్తువు దగ్గర తగ్గించుకోకూడదు. నేను కొన్నవాటిలో పొరపాటును పట్టిచ్చేది ఒక్కటీ లేదు. ఉచితంగా వచ్చింది ఆ పెద్దాయన మాట. దాన్ని నేనే తోసేశాను.

మందు తయారీకి మాత్రం కొత్తవాడి సామాను అన్నదే లేదని ఇప్పుడు నా నమ్మకం. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, దాని కింద వచ్చిన 2008 నిబంధనలు లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయడాన్ని నేరంగా చూస్తాయి. షెడ్డుకూ షెడ్డుకూ ఎంత దూరం, ఒక గదిలో ఎందరు మనుషులు, ఎంత మందు అన్నవన్నీ నిబంధనలకు లోబడి ఉండాలి. ఒకప్పుడు అవి వ్యాపారస్తుల కోసం రాసినవి అనుకున్నాను. అవి మా పిల్లవాడి వేళ్లలాంటి వాటి కోసం రాసినవి. పెద్ద ఎత్తున తయారుచేసే చోట్లే ఎంత నష్టం జరుగుతుందో గోదావరి జిల్లాలవాళ్లం మళ్లీ మళ్లీ చూశాం. 2014 అక్టోబరు 20న, దీపావళి ముంగిట, వాకతిప్పలో బాణసంచా తయారీ కేంద్రం పేలింది. 2025 అక్టోబరు 8న కోనసీమ జిల్లా రాయవరం మండలం కొమరిపాలెంలో మరొకటి పేలింది. కూలికి వచ్చినవాళ్లు పండగ చూడకుండానే పోయారు.

మా ఊరి కుర్రాళ్లు ఇప్పుడు ఫోన్లలో వీడియోలు చూసి మందు కూరతామని వస్తున్నారు. ఏమేం కొనాలో, తక్కువలో ఎక్కడ దొరుకుతాయో అడుగుతారు. ఏమీ కొనవద్దని చెబుతాను. చేత్తో చేసిన వెలుగే కావాలంటే మన లంకల్లో ఉప్పు పొట్లం ఉంది. తాటి పోతుపూలు ఎండబెట్టి, కాల్చి, ఆ బొగ్గు పొడిలో ఉప్పు కలిపి, పాతగుడ్డలో గట్టిగా చుట్టి, చీల్చిన తాటిమట్ట మధ్య బిగించి, నిప్పు రాజేసి తాడుతో గిరగిరా తిప్పితే మనిషి చుట్టూ రవ్వల చక్రం తిరుగుతుంది. అందులో సూరేకారం లేదు, గంధకం లేదు, దట్టించే పని లేదు. గడ్డిమేట్లకూ తాటాకు ఇళ్లకూ దూరంగా, ఖాళీ చేలో, పెద్దవాళ్లు పక్కన ఉండగా తిప్పండి. అంతకుమించి నేర్చుకోవాలని ఉంటే లైసెన్సు ఉన్నచోట పనివాడిగా చేరి, తెలిసినవాళ్ల చేతి కింద నేర్చుకోండి. అక్కడ మీకంటే తక్కువ చదివిన మనిషి ఏదైనా వద్దంటే, ఎందుకని అడగండి, చెప్పేదాకా వినండి.