పది నిమిషాల ధ్యానం, రోజంతా పరధ్యానం

అరవై దాటిన వాళ్లందరికీ ఇప్పుడు ఒకటే సలహా: పొద్దున్నే పది నిమిషాలు ధ్యానం చేయండి, మతిమరుపు దరిచేరదు. దానికో యాప్, యాప్‌లో ఓ గంట. గంట మోగిందో లేదో, చెయ్యి వాట్సాప్ మీదికి పోతుంది. కూడగట్టుకున్న కాస్త ఏకాగ్రతనూ మిగతా రోజంతా చెదరగొట్టుకుంటే ఇక నిలిచేదేముంది?

మా రోజుల్లో పెద్దవాళ్లకు ఏకాగ్రత ఒకరు నేర్పాల్సిన పని లేదు. తాతయ్య వేళ్ల కణుపుల మీద గాయత్రి లెక్కపెడుతుంటే 108 పూర్తయ్యేదాకా ఎవరు పిలిచినా పలికేవారు కాదు. నాయనమ్మకు చదువు రాదు; అయినా గజేంద్రమోక్షం పద్యాలు మేం అప్పజెబుతుంటే, తప్పిన అక్షరాన్ని వంటింట్లోంచే సరిదిద్దేది. రూపాయికి 16 అణాల లెక్క కొట్టు శెట్టిగారికి నోటిమీదే ఉండేది. 1957లో నయాపైసలొస్తే ముసలితనంలో ఆ లెక్కా పట్టేశారు. అష్టావధానం జరిగితే పెద్దలంతా ముందు వరసలో కూర్చునేవారు. అప్రస్తుత ప్రసంగి ఎంత అల్లరిపెట్టినా, అవధాని చివర్లో పద్యాలన్నీ ధారణ చేస్తుంటే వాళ్ల పెదవులూ కదిలేవి.

ఇప్పుడు ఆ పనులన్నీ పెద్దవాళ్ల చేతుల్లోంచి లాగేసుకున్నారు. లెక్క ఫోను కడుతుంది, నంబర్లు ఫోనే గుర్తుపెట్టుకుంటుంది, మనవడికి పద్యం యూట్యూబ్ చెబుతుంది. "మీకెందుకు నాన్నా శ్రమ, కూర్చోండి" అంటారు. బుర్రకు పనిలేకుండా చేసి, ఆపైన ధ్యానం చేయమంటారు!

ధ్యానం మంచిదే. అమెరికాలో 2007లో షమత ప్రాజెక్టు పేరిట మూడేసి నెలలు ధ్యానం చేయించి, ఏడేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించారు. సాధన బాగా కొనసాగించిన వాళ్లలో వయసుతోపాటు తగ్గాల్సిన ఏకాగ్రత అంతగా తగ్గలేదు. ఫ్రాన్స్‌లో 65 దాటిన 137 మందిని మూడు జట్లు చేసి, 18 నెలలపాటు ఒక జట్టుకు ధ్యానం, ఇంకో జట్టుకు ఇంగ్లీషు నేర్పారు. ముఖ్యంగా చూడదలచిన మెదడు భాగాల పరిమాణంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2022లో ప్రకటించారు. ధ్యాసను, మనసును అదుపులో పెట్టుకోవడంలో మాత్రం, ఇంగ్లీషు నేర్చుకున్న జట్టుకంటే ధ్యానం చేసినవాళ్లే మెరుగయ్యారు. నెలలకు నెలలు కూర్చుంటే దక్కిన ఫలితమిది. పది నిమిషాల గంటకు అద్భుతాలు అంటగట్టడం తప్పు.

జపంలో ఉన్న మనిషిని మధ్యలో పిలవకండి. ఇంటిఖర్చు లెక్క వాళ్లనే కట్టనివ్వండి. మనవలకు రోజుకో పద్యం వాళ్ల చేతే చెప్పించండి. పెద్దలూ, మీరు కూడా ఆ ఫోను అవతల పెట్టి, పిల్లలు అడిగేదాకా ఆగకుండా మొదలుపెట్టండి.