మోరీలో పోస్తే పోయినట్టే
(తెలుగు చాల్‌ల వారికి ఆరు అమూల్యమైన చిట్కాలు)

ముంబైలోని కామాటీపురాకు ఆ పేరు వచ్చింది మన తాతముత్తాతల వల్లే. హైదరాబాద్ ఇలాకా నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన కామాటీ కూలీలు 1795 ప్రాంతంలో ఇక్కడ గుడిసెలు వేసుకున్నారు. అంతకు కొన్నేళ్ళ ముందు వర్లీ వైపు హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పడేదాకా ఇదంతా పోటు వస్తే మునిగే చిత్తడి నేల. తట్టలు మోసి, రాళ్ళు పరిచి నిలబెట్టిన ఊరిది. అంటే సముద్రాన్ని పూడ్చడం మన వంశంలోనే ఉంది. వాళ్ళు కూలికి చేసిన పనిని మనం ఉచితంగా, చాల్‌లోని మన ఖోలీ గదిలో కూర్చునే చేసేయొచ్చు.

1. మోరీని నమ్మండి. ఊళ్ళో మోరీ అంటే వీధి కాలువ. ఇక్కడ మోరీ అంటే ఖోలీలో ఓ మూల, జానెడు గట్టు కట్టిన చోటు. స్నానం అక్కడే, అంట్లు అక్కడే, బట్టలూ అక్కడే. మిర్చి బజ్జీలు వేసిన మూకుడును పాత పేపరుతో తుడవడం వట్టి చాదస్తం. నూనె వేడిగా ఉండగానే వంపేయండి. అది పైపులో చల్లారి గోడలకు పట్టుకుంటుంది. దానికి వెంట్రుకలు అంటుకుంటాయి, వాటికి మెతుకులు. కొన్నాళ్ళకు కింది ఖోలీ వదిన మోరీలో మీ పప్పుచారు పైకి తన్నుకొస్తుంది. ఇరుగుపొరుగుకు కూర గిన్నె పంపే మర్యాద తప్పినట్టూ ఉండదు.

2. జాలీ పీకేయండి. మోరీ కన్నం మీది జాలీలో మెతుకులు ఆగితే ఎత్తి పారెయ్యాలి, నడుం నొప్పి. వదిలేయండి, సముద్రానికి చేరితే చేపలు తింటాయి. అయితే నీళ్ళలో అన్నం కుళ్ళేటప్పుడు ఆ నీటి ప్రాణవాయువును సూక్ష్మజీవులు ముందే పీల్చేస్తాయి. చేపకు విస్తరి నిండా భోజనం ఉంటుంది, ఊపిరే ఉండదు. అతిథి మర్యాదలో అంత చిన్న లోటు పట్టించుకోకూడదు.

3. నురగే శుభ్రత. గుప్పెడు సబ్బు పొడి సరిపోయే బకెట్టుకు నాలుగు గుప్పెళ్ళు వేయండి. చేప మొప్పల మీద జిగురు పొర ఒకటి ఉంటుంది, సబ్బు దాన్ని పాడు చేస్తుంది. పోనీండి, చేపను ఎలాగూ వండేముందు కడుగుతాం. బతికుండగానే కడిగేస్తే ఓ పని తగ్గుతుంది.

4. గ్యాలరీ ఉన్నదే విసరడానికి. 2018లో మహారాష్ట్ర ప్లాస్టిక్ కవర్లు నిషేధించింది కాబట్టి, ఉన్నవి వెంటనే వదిలించుకోండి. పాన్ మసాలా పుడీ, పాల సంచీ మూల, తునకలే కదా. గల్లీ గటర్‌లో పడ్డ వాననీటిని ఎవరూ శుద్ధి చేయరు, తిన్నగా సముద్రానికే పోతుంది. బ్రిటిష్ కాలం నాటి కాలువలు గంటకు 25 మిల్లీమీటర్ల వానకు, అదీ పోటు లేని వేళకు లెక్కేసి కట్టినవి. పోటు వేళ కాలువ నోరు సముద్రం మూస్తుంది, గొంతు మీ కవరు మూస్తుంది. అప్పుడు గల్లీలో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. తాతలు పూడ్చిన చిత్తడి ఎలా ఉండేదో పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి వేళ దొరకదు.

5. బీడీ మానండి, సిగరెట్ పట్టండి. మన అమ్మమ్మలు ఈ గల్లీల్లోనే గడపలో కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టారు. తునికాకు, దారం, చిటికెడు పొగాకు. ఆ ముక్క గటర్‌లో పడితే ఆకులాగే కుళ్ళిపోతుంది, మీరు తాగిన గుర్తే మిగలదు. సిగరెట్ ఫిల్టర్ అలా కాదు, అది ప్లాస్టిక్ పోగు. ఏళ్ళ తరబడి నీళ్ళలో నిలిచి మీ పేరు నిలబెడుతుంది.

6. భక్తిలో పొదుపు వద్దు. మట్టి గణపతి గంటల్లో కరిగిపోతాడు. ప్లాస్టర్ గణపతి అంత తొందరపడడు. మర్నాడు పాటు తీసినప్పుడు చౌపాటీ ఇసుకలో చెయ్యొకటి, తొండమొకటి మళ్ళీ దర్శనమిస్తాయి. బతుకమ్మ పూలను కూడా కవరుతో సహా సాగనంపండి. గౌరమ్మ తడవకూడదు కదా.

ఇక ఆదివారం. చేపల బజార్లో చేపలమ్మే కోళీ మావుషి ముందు నిలబడి, పాప్లెట్ ఇంత ధరేమిటని దబాయించండి. 2023లో మహారాష్ట్ర దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించిందని ఆమెకు గుర్తు చేయండి. వలలో చేపలకంటే కవర్లే ఎక్కువ పడుతున్నాయని ఆమె గొణిగితే నమ్మకండి. అరచేతిలో సగం కూడా లేని పిల్ల పాప్లెట్‌లు బేరమాడి తెచ్చుకోండి. గుడ్లు పెట్టే వయసు వాటికెందుకు, మన మసాలాకు వస్తే చాలు. కడిగిన నీళ్ళు మోరీలో పోసేయండి, వచ్చిన దారినే పోతాయి.

ఇన్ని చేశాక చెయ్యి కడుక్కోవడానికి నల్లా తిప్పండి. ఆ నీళ్ళు తాన్సా, వైతరణా, భాత్సా చెరువుల నుంచి వస్తాయి. తాన్సా నుంచి దాదాపు వంద కిలోమీటర్లు పైపుల్లో ప్రయాణం చేసి మన ఖోలీకి చేరతాయి. మన మోరీ నుంచి సముద్రం మూడు కిలోమీటర్లు కూడా లేదు.